రాత్రి తరిగిన క్లోరిన్

మార్చి 10, 2024, ఆదివారం, ఫ్రిస్కో, టెక్సస్

పూల్లో నీళ్ళు 64 డిగ్రీలకు వచ్చాయి. ఉప్పునీళ్ళ నుంచి క్లోరిన్ చేసే సెల్లు చలికాలమంతా ఊరికే ఉండి మళ్ళీ పనిలో పడింది. మా సెల్లు 60 ఫారన్‌హీట్‌కి దిగువన క్లోరిన్ చెయ్యదు. అందుకని నవంబరు నుంచి ఇప్పటిదాకా కొట్లో దొరికే ద్రవ క్లోరినే పోస్తూ వచ్చాను. చల్లటి నీళ్ళలో పాచి పెద్దగా పెరగదు, ఎండ కూడా నీరసంగా ఉంటుంది కాబట్టి కాస్త పోస్తే చాలా రోజులు నిలిచింది.

ఉప్పు 2,600 పీపీఎం చూపించింది. 3,200 ఉండాలి. మాది 15 వేల గ్యాలన్ల పూల్. 40 పౌన్ల బస్తా ఒకటి వేస్తే 320 పెరుగుతుంది. రెండు బస్తాలు తెచ్చి లోతు తక్కువ వైపు గుమ్మరించి, కరిగేదాకా బ్రష్షుతో తోశాను. చలికాలపు వానలకు పూల్ నిండి పొర్లినప్పుడల్లా ఉప్పు దానితోపాటే పోతుంది. పిల్లలు ఎగజల్లినప్పుడూ ఫిల్టరు కడిగినప్పుడూ మరికాస్త పోతుంది. అంతే తప్ప క్లోరిన్ తయారీలో ఉప్పు ఖర్చయిపోదు. సెల్లులో టైటానియం పలకలు, వాటి మీద రుథేనియం పూత. కరెంటు పారగానే నీళ్ళలోని క్లోరైడు క్లోరిన్ అవుతుంది. అది క్రిముల్ని చంపి, పాచిని కాల్చి, ఎండకు విరిగి, చివరికి మళ్ళీ క్లోరైడుగానే నీళ్ళలో మిగులుతుంది. పంపు లాక్కెళ్ళి సెల్లులోంచి తిప్పితే మళ్ళీ క్లోరిన్. నాకీ తిరుగుడంటే చాలా ఇష్టం.

ఉప్పునీళ్ళ పూల్ అంటే క్లోరిన్ లేని పూల్ అని మా వీధిలో చాలామంది నమ్మకం. ఇల్లు కొనేటప్పుడు మాకూ అలాగే చెప్పారు, చూసుకోవాల్సిన పనే ఉండదన్నారు. ఉన్నదంతా క్లోరినే. సంచుల్లో, సీసాల్లో తెచ్చుకోవడం మానేసి పెరట్లో తయారు చేసుకుంటున్నాం, అంతే తేడా. ఎంత తయారు చెయ్యాలో మాత్రం సెల్లును నడిపే పెట్టెకు తెలియదు. దాని కళ్ళు ఉప్పును, నీళ్ళ వేడిని, ప్రవాహాన్ని చూస్తాయి గాని క్లోరిన్‌ని చూడవు. 50 శాతం అని పెడితే సగం సేపు పనిచేస్తుంది, నీళ్ళు తేటగా ఉన్నా, పచ్చబడుతున్నా.

మార్చి 16

స్టెబిలైజర్, అంటే సయనూరిక్ ఆమ్లం, 40కి దిగిపోయింది. దాన్ని కొలిచే తీరు ముచ్చటగా ఉంటుంది. పూల్ నీళ్ళలో మందు కలిపితే పాలవిరుగుడు రంగు వస్తుంది. అడుగున నల్లచుక్క ఉన్న గొట్టంలో కొద్దికొద్దిగా పోస్తూ, పై నుంచి చూస్తూ, చుక్క ఎక్కడ కనబడకుండా పోతుందో అక్కడి అంకె చదువుకోవాలి. ఎండను వీపు వైపు పెట్టుకుని నిలబడి చూస్తేనే సరిగ్గా తెలుస్తుంది.

సయనూరిక్ ఆమ్లం లేకపోతే టెక్సస్ ఎండకు పొద్దున చేసిన క్లోరిన్ మధ్యాహ్నానికి ఉండదు. అది క్లోరిన్‌లో ఎక్కువ భాగాన్ని పట్టుకుని దాస్తుంది, బయట ఉన్నది ఖర్చయ్యేకొద్దీ కాస్త కాస్త వదులుతుంది. అందుకే స్టెబిలైజర్ ఎంతుందో తెలియకుండా క్లోరిన్ ఎంతుందో చెబితే సగమే చెప్పినట్టు. పబ్లిక్ పూల్స్‌కి సీడీసీ చెప్పే లెక్కలో కూడా ఈ తేడా ఉంది: మామూలుగా కనీసం 1 పీపీఎం, ఈ ఆమ్లం వాడే చోట కనీసం 2. నేను స్టెబిలైజర్ 70 దగ్గర పెట్టి, క్లోరిన్ 4కి తగ్గనివ్వను. 5, 6 మధ్య ఉంటే నిశ్చింత.

30 పెంచాలంటే నాలుగు పౌన్లకు కాస్త తక్కువ. మా పెద్దమ్మాయి పాత సాక్సులో పోసి, నీళ్ళు తిరిగొచ్చే రంధ్రం ముందు వేలాడదీశాను. అటుగా వెళ్ళినప్పుడల్లా వంగి పిసకడం. తొందరగా కరగదు. ఎండకు అంత తేలిగ్గా పోదు. చాలావరకు నీళ్ళు మారిస్తేనే తగ్గుతుంది కాబట్టి వేసేటప్పుడే చెయ్యి అదుపులో ఉండాలి.

మార్చి 24

కొళాయి నీళ్ళకు గాఢమైన క్లోరిన్ వాసన. నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ వాళ్ళు ఏటా వసంతంలో కొన్ని వారాలు అమ్మోనియా కలపడం ఆపి వట్టి క్లోరిన్‌తో నీళ్ళు పంపుతారు, గొట్టాలు శుభ్రపడటానికి. మిగతా ఏడాదంతా వచ్చేది క్లోరమైను. ఈ వారాల్లోనే పూల్లో తగ్గిన నీళ్ళు గొట్టంతో నింపేస్తే అమ్మోనియా గొడవ ఉండదు. రెండంగుళాలు నింపాను.

ఏప్రిల్ 9, ఉగాది

నిన్న సంపూర్ణ సూర్యగ్రహణం. పట్టపగలు పెరట్లో దీపాలు వాటంతటవే వెలిగాయి. పిల్లలు చాలాసేపు అరిచారు. ఈరోజు పచ్చడికి వేపపువ్వు ఇండియన్ స్టోర్లో దొరికింది.

ఓక్ చెట్ల పుప్పొడి పూల్ మీద పసుపు తెట్టులా తేలుతోంది. స్కిమ్మరు బుట్టకు సన్నటి జాలీ సంచి తొడిగాను. క్లోరిన్ 5. పీహెచ్ 7.8, అరసీసా మ్యూరియాటిక్ యాసిడ్.

మే 12

నాన్న వచ్చి వారం. తెనాలి ఎండలు తప్పించుకుని ఇక్కడి ఎండలకు వచ్చారు. ఉద్యోగమంతా హెల్త్ ఇన్‌స్పెక్టరుగా పల్లెటూళ్ళు తిరిగిన మనిషి, మధ్యాహ్నం నిద్రపోరు. నేను చిన్న గొట్టంలో పది మిల్లీలీటర్ల నీళ్ళు తీసి, డీపీడీ పొడి ఒక చెంచాడు వేసి ఊపుతుంటే పక్కన నిలబడి చూశారు. నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి.

"మాకు పసుపు రంగొచ్చేది. క్లోరోస్కోపు," అన్నారు. "గాజుగొట్టంలో నీళ్ళు పోసి మందు చుక్కలు వేసి, పక్కన రంగుబిళ్ళలతో పోల్చుకునేవాళ్ళం."

"ఇందులో పోల్చే పని లేదు నాన్నా. చుక్కలు వేస్తూ పోతే రంగు పోతుంది. చుక్కకు అర పీపీఎం."

ఆయన అడిగి తీసుకుని తనే వేశారు. ఒక్కో చుక్క వేసి, సీసా తిప్పి, వెలుతురుకు పెట్టి చూసి, ఇంకొకటి. పదకొండో చుక్కకు గులాబీ మాయమై మంచినీళ్ళలా అయ్యింది. "అయిదున్నర," అన్నారు గట్టిగా, ఎదురుగా ఎవరో రాసుకుంటున్నట్టు.

తర్వాత బావుల సంగతులు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు. ముందు బావి లోతూ వ్యాసమూ కొలిచి నీళ్ళెన్నో లెక్క కట్టాలి. పౌడరు బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుగుకు దిగేదాకా ఆగి, పైనున్న తేటను మాత్రమే వేరే బకెట్‌లో వంచుకోవాలి. ఆ బకెట్‌ని నీళ్ళలోకి కొంత లోతుకు దించి పైకీ కిందకీ ఆడించాలి. గంటసేపు ఎవరినీ తోడుకోనివ్వకూడదు. గంట తర్వాత కూడా లీటరుకు అర మిల్లీగ్రాము మిగిలి ఉంటేనే పని అయినట్టు.

"జనం గంట ఆగేవాళ్ళా నాన్నా?"

"నేను గట్టు మీద కూర్చునేవాణ్ణమ్మా."

వేసినదెంత అన్నది ఆయనకు ముఖ్యం కాదు, గంట తర్వాత మిగిలినదెంత అన్నదే ముఖ్యం. నేను ఈ పూల్ దగ్గర చేస్తున్నది కూడా అదే పని అని ఇవాళ ఆయన పక్కన నిలబడితే తోచింది.

మే 28

తెల్లవారుజామున గాలివాన. డాలస్ చుట్టుపక్కల లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది, మాకూ. పంపు ఆగిపోయింది కాబట్టి సెల్లూ ఆగింది. పక్కింటి చెట్టుకొమ్మలు విరిగి సగం ఆకులు మా పూల్లోనే. వాన నీళ్ళు, మట్టి, ఆకులు కలిశాక నిలవనీళ్ళలో క్లోరిన్ ఎక్కువసేపు ఉండదు. మావారూ నేనూ వలతో ఆకులు తీశాం. ద్రవ క్లోరిన్ ఒక గ్యాలన్ అంచుల వెంబడి తిరుగుతూ పోసి, పంపు చెయ్యాల్సిన పని బ్రష్షుతో చేశాం. గోడల నుంచి లోతులోకి తోస్తూ చీకటి పడేదాకా.

జూన్ 8

కరెంటు వచ్చి చాలా రోజులైంది, నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అయినా క్లోరిన్ నిలవడం లేదు. సెల్లును 80 శాతానికి పెంచినా పొద్దుటికి 3 దాటదు. మా సెల్లు పూర్తి శాతం మీద 24 గంటలూ నడిస్తే ఒకటిన్నర పౌన్లకు కాస్త తక్కువ క్లోరిన్ చేస్తుంది. మా నీళ్ళకు అది రోజుకు 11 పీపీఎం. 12 గంటలు 80 శాతం అంటే నాలుగున్నర దాకా చేస్తోంది. చేసిందంతా ఎక్కడికి పోతోంది?

పూల్ సామాను అమ్మే చోటికి నీళ్ళు పట్టుకెళ్తే, ఫాస్ఫేట్లు ఎక్కువున్నాయి, అవి తీసే మందు కొనమన్నారు. ఫాస్ఫేట్ పాచికి తిండి, నిజమే. అది క్లోరిన్‌ని తినదు. క్లోరిన్ సరిపడా ఉంటే తినడానికి పాచే మిగలదు. కొనలేదు. బిళ్ళలు వేసుకోమని ఇంకొకాయన సలహా. ఆ బిళ్ళల్లో క్లోరిన్‌తోపాటు సయనూరిక్ ఆమ్లం కూడా ఉంటుంది. 10 పీపీఎం క్లోరిన్ ఇచ్చేటప్పటికి 6 పీపీఎం ఆమ్లం నీళ్ళలో దింపుతాయి. వేసవంతా వాడితే స్టెబిలైజర్ వంద దాటి, ఉన్న క్లోరిన్ సరిగ్గా పనిచెయ్యని స్థితి వస్తుంది. 2020 ఆగస్టులో లారా తుపాను వెనకే లూసియానాలో వెస్ట్‌లేక్‌లోని బిళ్ళల కర్మాగారం తగలబడి, మరుసటి వేసవిలో డబ్బా ధరలు ఆకాశానికంటినప్పుడు వీధిలో అందరూ కంగారు పడ్డారు. మా ఇంట్లో బిళ్ళ లేదు, కంగారూ లేదు.

క్లోరిన్‌ని ముఖ్యంగా తినేవి రెండు: ఎండ, లేదా నీళ్ళలోని పాచీ మురికీ. రాత్రి ఎండ ఉండదు. సెల్లు ఆపేసి పొద్దుగుంకాక ఒకసారి, సూర్యోదయానికి ముందు ఒకసారి కొలిస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది. ఒకటి కన్నా తక్కువ తరిగితే నీళ్ళు శుభ్రం.

రాత్రి 9 గంటలకు 5.5. సెల్లు ఆపాను.

జూన్ 9

ఉదయం 5:50. 3.5.

నాన్న ముందే లేచి కూర్చున్నారు. చుక్కలు తనే లెక్కపెట్టారు. "రెండు తరిగిందమ్మాయ్. చీకట్లో తరిగిందంటే పాచే. కనబడని చోట ఉంది, వెతుకు."

స్కిమ్మరు నోటి దగ్గర ఊగే రేకు వెనక వేలు పెట్టి చూశాను, జారుడు లేదు. నిచ్చెన గొట్టాల లోపలా లేదు. మిగిలింది లైటు. బ్రేకరు కట్టేసి, నీళ్ళలో దిగి, పైన ఉన్న ఒక్క స్క్రూ విప్పాను. లైటు వెనక వైరు చుట్ట చుట్టి ఉంటుంది, ఊడదీసి గట్టు మీద పెట్టేంత పొడుగు. లైటు బయటికి రాగానే ఆ గూట్లోంచి పచ్చటి మబ్బు ఒకటి నా చేతుల మీదుగా పైకి లేచింది. లోపల గోడంతా వేలి మందాన పాచి. గాలివానకు పంపు ఆగిన రోజుల్లో పట్టి, క్లోరిన్ తిరుగుడు అందని మూలలో పెరుగుతూ వచ్చింది. నీళ్ళు తేటగా ఉండటం చూసి పూల్ బాగుందనుకోవడానికి వీల్లేదని ఆ గూడు చూస్తే అర్థమవుతుంది.

పాచి ఒకసారి పట్టాక మామూలు మోతాదు దాన్ని పూర్తిగా చంపదు. స్టెబిలైజర్ 70 ఉన్న నీళ్ళను 28కి లేపి, పాచి చచ్చేదాకా అక్కడే నిలపాలి. ఇది సెల్లు వల్ల అయ్యే పని కాదు. రోజంతా శక్తికొద్దీ చేసినా 11, అదీ నెమ్మదిగా. 10 శాతం ద్రవ క్లోరిన్ గ్యాలన్ పోస్తే మా పూల్లో 6.7 పెరుగుతుంది. మూడున్నర గ్యాలన్లు దాటుతుంది మొదటి వాయికే. ముందు పీహెచ్ 7.2కి దించాను, ఎందుకంటే క్లోరిన్ 10 దాటాక పీహెచ్ రంగు నమ్మడానికి వీల్లేదు. తర్వాత పంపు నడుస్తుండగా సన్నటి ధారగా పోశాను. పిల్లలకు పూల్ బంద్.

జూన్ 13

గూడు బ్రష్షుతో గీకడం, గోడలు గీకడం, కొలవడం, తగ్గినంతా పోయడం. 28 దగ్గర కొలవడానికి అయిదు మిల్లీలీటర్ల నీళ్ళే తీసుకుంటే చుక్కకు ఒక పీపీఎం లెక్క. నాన్న గట్టున కుర్చీ వేసుకుని కూర్చుని తన నోటుపుస్తకంలో వేళలూ అంకెలూ రాస్తున్నారు. పొద్దున నేను ఆఫీసు కాల్స్‌లో ఉంటే ఆయనే కొలిచి, కిటికీలోంచి వేళ్ళు చూపిస్తున్నారు.

ఈసారి పది మిల్లీలీటర్లతో కొలిస్తే రాత్రి 27.5, తెల్లవారి 27. అర పీపీఎం తరుగు. మురికితో కలిసిపోయిన క్లోరిన్ కూడా అర లోపే. పాచి పోయింది. లైటు బిగించాను. పిల్లలు ఆదివారానికల్లా దిగొచ్చు, అప్పటికి ఎండే దించుతుంది.

జూలై 14

రోజూ మండుటెండ. నీళ్ళు 89. ఈ వేడికి రోజుకు నాలుగు దాకా క్లోరిన్ పోతోంది, 12 గంటలు, 70 శాతం పెడితే సరిగ్గా సరిపోతోంది. సెల్లు పనిచేసేటప్పుడు హైడ్రోజన్ బుడగలు నీళ్ళను కలియబెట్టి కార్బన్ డయాక్సైడ్‌ని తరిమేస్తాయి, దానితో పీహెచ్ ఎక్కుతూ ఉంటుంది. వారం వారం యాసిడ్ తప్పదు.

పెట్టె మీద ఎర్రదీపం వెలిగితే సెల్లు విప్పాను. మన నీళ్ళలో కాల్షియం ఎక్కువ, పలకల మధ్య తెల్లటి పెచ్చులు దువ్వెన పళ్ళలో చుండ్రులా ఇరుక్కుని ఉన్నాయి. గొట్టం నీళ్ళ వేగానికి కొన్ని ఊడాయి. మిగతావాటికి యాసిడ్. ముందు బకెట్‌లో నాలుగు పాళ్ళు నీళ్ళు, తర్వాత ఒక పాలు యాసిడ్. నేను సీసా ఎత్తకముందే నాన్న కేక పెట్టారు: "నీళ్ళలో యాసిడ్ తల్లీ, యాసిడ్‌లో నీళ్ళు కాదు!" పోయగానే బుసబుసా నురగ. నురగ ఆగేదాకానే ఉంచాలి, శుభ్రంగా కనబడింది కదా అని ఇంకాసేపు ఉంచితే పలకల పూత తినేస్తుంది. ఆ పూతే సెల్లు ఆయువు, పోతే కొత్తది వందల డాలర్లు.

జూలై 27

చిన్నాడి పుట్టినరోజు. పూల్ నిండా పిల్లలు. సాయంత్రానికి ఒక తల్లి, "మీ పూల్లో క్లోరిన్ ఎక్కువైనట్టుంది, వాసనొస్తోంది, మా వాడి కళ్ళు ఎర్రబడ్డాయి," అంది. కొలిచి చూపించాను: క్లోరిన్ 2కి పడిపోయింది, కలిసినది 1. ఆ వాసనా ఆ మంటా క్లోరమైన్లవి, అంటే చెమటకూ సన్‌స్క్రీన్‌కూ మిగతావాటికీ క్లోరిన్ ఖర్చయి చాలకుండా పోయినప్పుడు పుట్టేవి. చాలినంత ఉన్న నీళ్ళకు అంత వాసన ఉండదు. ఆవిడ నమ్మలేదనిపించింది. పిల్లలు వెళ్ళాక గ్యాలన్ పోశాను, పొద్దుటికి కలిసినది లేదు. వచ్చేసారి దిగేముందు అందరికీ స్నానం తప్పనిసరి అని చెప్పాలి.

సెప్టెంబరు 12

నాన్న ఆగస్టులో వెళ్ళిపోయారు. ఈ నెల 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగింది. పిన్ని వాళ్ళది అక్కడే. నీళ్ళు తీసేశాక నాన్న తెనాలి నుంచి బస్సెక్కి వెళ్ళారు, నేను సర్దిచ్చిన చుక్కల కిట్టు సంచిలో పెట్టుకుని.

ఫోన్లో అంతా సంపు సంగతే. రెండు వేల లీటర్ల సంపు, బురద తోడించి, గోడలు కడిగించి, నింపి, 300 గ్రాముల బ్లీచింగ్ వేశారట. 50 పీపీఎం లెక్కకు వచ్చేలా. రాత్రంతా ఉంచి, పారబోసి, మళ్ళీ నింపించారు.

"పౌడరు తాజాదేనా నాన్నా?"

"మూతి విప్పి ఉన్న సంచీ ఇస్తే వద్దన్నాను. తేమ తగిలితే అందులో 33 శాతం ఎక్కడుంటుంది, వట్టి సున్నమేగా. కట్టిన సంచీ తెప్పించాను."

రెండోసారి నింపిన నీళ్ళలో కాస్త క్లోరిన్ వేసి, గంట ఆగి కొలిచారట. గులాబీ రంగు ఒక్క చుక్కకు పోయింది. అర పీపీఎం. పక్కింటి వాళ్ళూ ఎదురింటి వాళ్ళూ తమ సంపులు కూడా చూడమన్నారట, ఆయన ఇంకో రెండు రోజులు అక్కడే ఉంటారు. కిట్టులోని డీపీడీ పొడి అయిపోవస్తోంది, పంపమన్నారు. రేపే పార్సిల్ చెయ్యాలి.

నవంబరు 30

నీళ్ళు 58. సెల్లు ఆగింది. పంపు చలి కాపలా మీట సరిగ్గా పనిచేస్తోందో లేదో చూశాను. 2021 ఫిబ్రవరి మంచుతుపానులో కరెంటు లేక, నీళ్ళు కదలక ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో పంపులూ ఫిల్టర్లూ పగిలాయి. కరెంటు పోతే గొట్టాల్లో నీళ్ళు వదిలెయ్యడానికి ఏ బిరడాలు విప్పాలో రాసి పెట్టె తలుపు లోపల అంటించాను, నేను ఊళ్ళో లేకపోయినా మావారికి తెలియాలి.

ఉప్పు 3,000. స్టెబిలైజర్ 60. క్లోరిన్ 4. ద్రవ క్లోరిన్ రెండు సీసాలు కొనాలి, తయారైన తేదీ చూసి. నెలల తరబడి కొట్లో ఉన్న సీసా అయితే 10 శాతం ఉండదు.